పెండ ఎవరిది? మంట ఎవరిది?
గోబర్ గ్యాసు చరిత్రలో ఊరూ, వాడా

మా ఊళ్ళో ఒక భూస్వామి పెరట్లో గోబర్ గ్యాసు ప్లాంటు ఉండేది. 1990ల నాటి మాట. బావిలాగా తవ్వి ఇటుకలతో కట్టిన గుంత, దానిమీద బోర్లించిన ఇనుప డ్రమ్ము, పక్కన పెండ కలిపే సిమెంటు తొట్టి. పొద్దు పొడవక ముందే మా అమ్మ పోయి ఆయన కొట్టం ఊడ్చేది. పెండ గంపకెత్తి ఆ తొట్టిలో పోసేది. పెండకు సరిసమానంగా నీళ్ళు పోసి, మోచేతుల దాకా ముంచి కలిపేది. గడ్డిపోచలూ, రాళ్ళూ ఏరి అవతల పడేసేది. అవి గుంతలోకి పోతే గ్యాసు ఆగిపోతుందని మొదటిరోజే చెప్పారట. ఆ పనికి వేరే కూలి లేదు. కొట్టం పనిలోనే కలిసిపోయింది.

ఆ పెండతో పుట్టిన గ్యాసు గొట్టంలోంచి వాళ్ళ వంటింట్లోకి పోయేది. ఆ వంటింటి గడప మా అమ్మ ఏనాడూ తొక్కలేదు. రోజూ తన చేతుల్తో పెండ కలిపిన మనిషికి, ఆ మంట ఏ రంగులో ఉంటుందో తెలియదు. ఇంటికొచ్చి పత్తికట్టె పొయ్యి ముందర కూచుని ఊదుగొట్టం ఊదుకునేది.

మేం యూనివర్సిటీకి వచ్చి, పరిశోధనలో భాగంగా బయోగ్యాసు మీద పుస్తకాలు, నివేదికలు చదవడం మొదలుపెట్టాక మాకు మొదట కనిపించిన సంగతి ఇదే. ఎంత పెండకు ఎంత గ్యాసు వస్తుంది, డ్రమ్ము ఎంత మందం ఉండాలి, సబ్సిడీ ఎంత, అన్నీ ఉన్నాయి. మేం చూసిన వాటిల్లో పెండ మాత్రం తనంతట తానే నడుచుకుంటూ వచ్చి తొట్టిలో పడుతుంది. నీళ్ళు కూడా అంతే. మనిషి లేడు. మనిషే లేనప్పుడు కులం ఎక్కడిది?

అందుకే ఈ చరిత్రను తొట్టి దగ్గర నిలబడి మళ్ళీ చెప్పాలనుకున్నాం. గోబర్ గ్యాసు ప్లాంటును, దాని వెంట వచ్చిన పొగలేని పొయ్యిని, ఏ ఇంటిని మనసులో పెట్టుకుని తయారుచేశారు? ఈ వ్యాసంలో మేం అడిగే ప్రశ్న ఇదొక్కటే.

మొదటి దీపం

ఈ దేశంలో ఇట్లాంటి గ్యాసును పనికి వాడిన తొలి ఉదాహరణగా పుస్తకాలన్నీ బొంబాయి మాటుంగాలోని కుష్టురోగుల ఆశ్రమాన్ని చెబుతాయి. చాలా పుస్తకాలు 1859 అని రాస్తాయి. కానీ ఆ ఆశ్రమం పెట్టిందే 1890లో. ఒకరు రాసింది ఇంకొకరు చూసి రాయడం వల్ల ఈ తప్పు నడుస్తూ వచ్చిందని మా అభిప్రాయం. ఆ గ్యాసుతో 1897లో దీపాలు వెలిగించారన్న మాట మాత్రం నిలబడుతుంది.

ఆ దీపాలు వెలిగింది ఆవు పేడతో కాదు. మనుషుల మలంతో. ఊరు వెలివేసిన కుష్టురోగుల మలంతో. రోగమొచ్చిందని ఊరు బయటికి నెట్టిన మనుషులు, ఎవరూ ముట్టని వాళ్ళ మలం, దాంట్లోంచి వెలుగు. మన చరిత్రలో ఇంతకన్నా గొప్ప ఆరంభం ఒక యంత్రానికి దొరుకుతుందా?

ఇందులో మాయ ఏమీ లేదు. గాలి తగలని చోట మలమైనా, పెండైనా, కుళ్ళిన ఆకైనా కంటికి కనపడని సూక్ష్మజీవులు దాన్ని తిని మీథేన్ అనే గ్యాసును వదులుతాయి. బయటికొచ్చే గ్యాసులో సగానికి పైగా అదే ఉంటుంది. మిగతాది ఎక్కువగా బొగ్గుపులుసు వాయువు. ఆ జీవులకు ఆవు గొప్పదనీ తెలియదు, మనిషి మలం మైలనీ తెలియదు. వాటికి కులం లేదు.

మనిషికి ఉంది. అందుకే కథ అక్కడినుంచి మలుపు తిరిగింది.

ఆవు ఎట్లా ముందుకొచ్చింది

1930ల చివర ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఎస్.వి. దేశాయి అనే శాస్త్రవేత్త పశువుల పెండతో గ్యాసు తీసే ప్రయోగాలు చేశాడు. 1951లో జష్‌భాయ్ పటేల్ తేలే డ్రమ్ము ఉన్న ప్లాంటును రూపొందించాడు. గ్యాసు పుట్టేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, వాడేకొద్దీ కిందికి దిగుతుంది. దాని బరువే గ్యాసును గొట్టంలోకి నెడుతుంది. మా ఊళ్ళో ఉన్నది ఆ రకమే. ఆయన దానికి పెట్టిన పేరు 'గ్రామలక్ష్మి'. 1960ల మొదట్లో ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ దీన్ని చేతికి తీసుకుని దేశమంతా ప్రచారం చేసింది.

ఆ ఇంజనీర్ల తెలివిని మేం తక్కువ చేయడం లేదు. పెండను పిడక చేసి కాలిస్తే ఎరువు పోతుంది. ఎరువు కోసం దాస్తే వంటచెరకు ఉండదు. ఈ ప్లాంటులో గ్యాసూ వస్తుంది, చివర్న బయటికొచ్చే జావ మంచి ఎరువుగానూ పనికొస్తుంది. రెండూ దక్కుతాయి. పేద దేశానికి ఇది నిజంగా పెద్ద మేలు.

కానీ పేర్లు చూడండి. గోబర్ గ్యాసు, గ్రామలక్ష్మి. గాంధేయుల గ్రామ భావనలో ఆవుకు ఒక పీట ఉంది. గ్రామమంటే ఆవులున్న గ్రామం, ఇల్లంటే పెరడూ కొట్టమూ ఉన్న ఇల్లు. ఆ గ్రామంలో అందరూ ఒక్కటే అన్నట్టు మాట్లాడటం అలవాటు. అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఈ గ్రామ భక్తిని నిలదీశాడు. ఆయన మాట అప్పట్లో చాలామందికి కోపం తెప్పించింది. గోబర్ గ్యాసు చరిత్ర చదివితే ఆయన ఎందుకట్లా అన్నాడో తేటగా తెలుస్తుంది. గ్రామం ఒక్కటి కాదు గదా. ఊరుంది, వాడ ఉంది. పెండ ఊళ్ళో ఉంది, పెండ ఎత్తే చెయ్యి వాడలో ఉంది.

1980లకు వచ్చేసరికి సర్కారు కాగితాల్లో 'గోబర్' అన్న మాట తగ్గి 'బయోగ్యాసు' అయింది. పేరు మారింది గానీ లెక్క మారలేదు. ఇప్పుడు ఆ లెక్క చూద్దాం.

అయిదు పశువుల లెక్క

ఒక ఘనపు మీటరు గ్యాసు రావాలంటే సుమారు 25 కిలోల పచ్చి పెండ కావాలి. నలుగురైదుగురున్న ఇంటికి వండుకోవడానికి 2 ఘనపు మీటర్ల ప్లాంటు చెబుతారు. అంటే రోజుకు 50 కిలోలు. ఒక పశువుకు రోజుకు 10 కిలోల లెక్కన వేసినా అయిదు పశువులు కావాలి. అది కూడా కొట్టంలో కట్టేసి మేపే పశువులైతేనే. పొద్దంతా మేతకు తిరిగే గొడ్డు పెండ సగం తొవ్వలోనే పోతుంది.

అయిదు పశువులకు గడ్డి కావాలి. గడ్డి కావాలంటే పొలం కావాలి. కట్టేయడానికి కొట్టం కావాలి, ప్లాంటు తవ్వడానికి పెరడు కావాలి, జావ పోయడానికి పెంటదిబ్బ జాగా కావాలి, ఆ ఎరువు వేయడానికి మళ్ళీ పొలమే కావాలి. ఇక నీళ్ళు. 50 కిలోల పెండకు 50 లీటర్ల నీళ్ళు. మంచినీళ్ళ కోసం ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరన్నా పోస్తే పట్టుకున్న మా నాయనమ్మ తరానికి, రోజుకు నాలుగు బిందెలు పెండలో పోయమంటే ఎట్లుంటుందో ఆలోచించండి.

2011 జనాభా లెక్కల ప్రకారం షెడ్యూల్డు కులాల పనివాళ్ళలో దాదాపు సగం మంది వ్యవసాయ కూలీలు. వాళ్ళకు పైన చెప్పిన వాటిల్లో ఏ ఒక్కటీ లేదు. ఉన్నది చేతులు మాత్రమే.

దీన్ని ఇంజనీర్లు పట్టించుకోలేదని అనలేం. డ్రమ్ము ఖరీదెక్కువ, తుప్పు పడుతుంది. అందుకని 1978లో ఉత్తరప్రదేశ్ ఎటావా జిల్లా అజిత్‌మల్‌లో డ్రమ్ము లేకుండా ఇటుక గుమ్మటంతో 'జనతా' నమూనా తయారుచేశారు. 1984లో ఇంకా చవగ్గా 'దీనబంధు' నమూనా వచ్చింది. 1981-82లో కేంద్రం జాతీయ పథకం పెట్టింది. ఎస్సీ, ఎస్టీలకు సబ్సిడీ ఎక్కువ ఇచ్చారు. మన రాష్ట్రంలో నెడ్‌క్యాప్ ఆ పని చూసింది. జనతా అన్నారు, దీనబంధు అన్నారు. పేర్లు మెల్లమెల్లగా మన దగ్గరికి వచ్చాయి. ఇటుకా, సిమెంటూ, ఇనుమూ తగ్గాయి. కానీ రోజుకు 50 కిలోల పెండ మాత్రం ఏ నమూనాలోనూ తగ్గలేదు. సబ్సిడీ గుంతకు వచ్చింది, గొడ్డుకు రాలేదు, భూమికి అసలే రాలేదు.

దేశంలో ఇప్పటిదాకా కట్టిన ఇంటి ప్లాంట్లు సుమారు 50 లక్షలని ప్రభుత్వ లెక్క. కట్టినవన్నీ నడుస్తున్నాయా అన్నది వేరే సంగతి. 2011 జనాభా లెక్కల్లో పల్లె ఇళ్ళలో కట్టెలతో వండుకునేవి 62.5 శాతం. పిడకలతో వండుకునేవి దాదాపు 11 శాతం. బయోగ్యాసుతో వండుకునేవి 0.4 శాతం. ముప్పై ఏళ్ళ జాతీయ పథకం తర్వాత మిగిలింది వెయ్యి ఇళ్ళకు నాలుగిళ్ళు.

ఇంకో నష్టం ఏ లెక్కలోకీ రాలేదు. మా చిన్నతనంలో తొవ్వ మీద, బీడులో, చెరువు గట్టున పడ్డ పెండ ఎత్తుకున్నవాళ్ళది. వాడ ఆడవాళ్ళూ, పిల్లలూ గంపలు పట్టుకుని మంద వెనకాల తిరిగేవాళ్ళు. మేమూ తిరిగాం. ఆ పెండతోనే పిడకలు, ఆ పెండతోనే ఇల్లు అలకడం. పెరట్లో ప్లాంటు కట్టాక ఆ భూస్వామి తన మందను బీడుకు తోలడం తగ్గించాడు. తోలినా వెంట జీతగాడు గంపతో పోయేవాడు. "మా గొడ్ల పెండ మీరెట్ల ఎత్తుతరు?" అన్న మాట మేం మొదటిసారి అప్పుడే విన్నాం. పెండకు అప్పటిదాకా ఓనరు లేడు. గ్యాసు రాగానే ఓనరొచ్చాడు. ఊరుమ్మడిగా ఉన్న దానికి ధర పుట్టగానే మొదట చెయ్యి ఖాళీ అయ్యేది వాడదే.

పూరా గ్రామం చెప్పిన పాఠం

ఇంటికొక ప్లాంటు కుదరనప్పుడు ఊరందరికీ ఒకటే కడితే? ఈ ఆలోచనను నిజాయితీగా పరీక్షించిన చోటు కర్ణాటక తుముకూరు జిల్లాలోని పూరా. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎ.కె.ఎన్. రెడ్డి, ఆయన తోటివాళ్ళు 1974లో 'ఆస్ట్రా' అనే విభాగం పెట్టారు. పల్లెకు పనికొచ్చే సాంకేతిక పరిజ్ఞానం దాని పని. వాళ్ళు ముందు ఇంటింటికీ తిరిగి కట్టెలెన్ని, నీళ్ళెన్ని, ఎవరెన్ని గంటలు మోస్తున్నారని లెక్క తీశారు. ఊరి శక్తిలో ఎక్కువ భాగం కట్టెలదే అనీ, దాన్ని మోసేది ఆడవాళ్ళూ పిల్లలే అనీ అంకెలతో చూపెట్టారు. గంటలు లెక్కపెట్టిన ఇంజనీర్లను మేం గౌరవిస్తాం.

మొదట ఊరందరికీ వంట గ్యాసు ఇద్దామనుకున్నారు. పెండ సరిపోలేదు. అప్పుడు పట్టుదలకు పోకుండా ఊరివాళ్ళతో మాట్లాడారు. 1987 నుంచి అదే గ్యాసుతో ఇంజను నడిపి, బోరు నీళ్ళు తోడి కొళాయిలకు ఇచ్చారు, ఇళ్ళకు దీపాలిచ్చారు. పెండ తెచ్చిపోసిన వాళ్ళకు కిలోకు 2 పైసలు ఇచ్చారు. ఎరువు జావ ఎవరిది వాళ్ళకు తిరిగి ఇచ్చారు. ఆ పైసలు ఎక్కువగా మోసిన ఆడవాళ్ళకూ పిల్లలకూ అందాయి.

2 పైసలు ఎంత చిన్నదైనా మేం దాన్ని చిన్నచూపు చూడం. ఎందుకంటే అక్కడ పెండ మొయ్యడాన్ని పనిగా ఒప్పుకున్నారు. మా అమ్మకు ఎన్నడూ దక్కనిది అదే. రెండో పాఠం ఏందంటే, వంట గ్యాసు గొట్టం పెరడున్న ఇంటికే పోతుంది గానీ వీధి కొళాయి, వీధి దీపం ఎవరి వీధిలో పెడితే వాళ్ళకు అందుతాయి. అప్పుడు కొట్లాట ఎక్కడ చేయాలో మనకు తెలుస్తుంది. కొళాయి ఏ వీధిలో పెడుతున్నారన్న దగ్గర.

మూడు కుండల పొయ్యి

పెండ లేనివాళ్ళ కోసం పొగలేని పొయ్యి వచ్చింది. దీని చరిత్రలో మన హైదరాబాదుకు పెద్ద చోటుంది. వార్ధాలోని మగన్‌వాడీ నుంచి 1947లో 'మగన్ చూల్హా' వచ్చింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు మట్టితో కట్టే పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకం వేశాడు. వంటింటి పొగ సంగతిని అంత ముందుగా, అంత శ్రద్ధగా పట్టించుకున్న ఇంజనీర్లు ప్రపంచంలోనే కొద్దిమంది. 1983లో గుజరాత్ పల్లెల మీద అచ్చయిన అధ్యయనంలో కిర్క్ స్మిత్, ఆయన తోటివాళ్ళు వంట చేసే ఆడవాళ్ళు పీల్చే పొగను కొలిచి చూపించారు. లోకం దాని గురించి మాట్లాడటం మొదలుపెట్టింది ఆ తర్వాతే. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఒక్క ఏడాదిలో ఇంటి పొగవల్ల పోయిన ప్రాణాలు 32 లక్షలని అంచనా వేస్తోంది.

మట్టి పొయ్యి, ఒకదాని వెనక ఒకటి కుండలు పెట్టడానికి రంధ్రాలు, చివర్న పొగగొట్టం. మొదటి కుండ కింద మండిన వేడి, పొగతో పాటు రెండో మూడో కుండల కింద నుంచి పోతూ వాటినీ కాస్తుంది. ఆలోచన బాగుంది. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం మొదలుపెట్టి 2002లో ఆపేసే నాటికి 3 కోట్లకు పైగా పొయ్యిలు పెట్టినట్టు లెక్క చూపింది.

మా వాడకూ అవి వచ్చాయి. ఏమైందో చెబుతాం. మా ఇంట్లో పొద్దున ఒకే కుండ. గటక. సాయంత్రం అన్నమో గటకో ఒక కుండ, దాని తర్వాత అదే పొయ్యి మీద పచ్చిపులుసో, పప్పో. ఒకేసారి మూడు కుండలు పొయ్యెక్కిన రోజు మాకు గుర్తు లేదు. మిగతా రంధ్రాలు ఖాళీగా ఉంటే వేడి వాటిలోంచే పోతుంది. వాటిని మూకుడుతో మూసి వండేది అమ్మ. పొయ్యి నోరు చిన్నది. ఇంజనీరు పరీక్షించింది సమంగా కొట్టిన కట్టె ముక్కలతో అయ్యుండాలి. మా దగ్గరున్నది పత్తికట్టె, కందికట్టె, సర్కారు తుమ్మ కంప. కంపను ముక్కలు కొట్టాలంటే గొడ్డలి కావాలి, గంట టైము కావాలి. కూలికి పోయే మనిషికి ఆ గంట ఎక్కడిది?

అన్నిటికన్నా పెద్ద సమస్య కప్పు. పొగగొట్టం బయటికి తియ్యాలంటే కప్పుకు బొక్క పెట్టాలి. పెంకుటిల్లయితే ఒక పెంకు తీస్తే అయిపోతుంది. మాది గడ్డి కప్పిన గుడిసె. వేడి గొట్టం గడ్డిలోంచి పోతే నిప్పు అంటుకుంటుందని మా నాయిన ఒప్పుకోలేదు. వాడలో నాలుగైదు ఇళ్ళు ఒకేసారి కాలిపోవడం చూసిన మనిషి ఆయన. ఆ సిమెంటు గొట్టం చివరికి ఇంటిముందు మురికినీళ్ళు పోయే తూముగా పనికొచ్చింది. సర్కారు లెక్కలో మాది పొగలేని వంటిల్లు.

'జనానికి అవగాహన లేదు, పాత అలవాట్లు మానుకోరు' అన్నది ఇట్లాంటి పథకాలు కూలిపోయినప్పుడు తరచూ వినే మాట. మా అమ్మకు అలవాటు మానడం చేతకాక కాదు. ఆ పొయ్యి మూడు కుండల ఇంటి కోసం, పెంకుల కప్పు కోసం, కొట్టిన కట్టె కోసం చేసింది. ఒక్క కుండ ఇంటికి వచ్చి ఒక్క పూట వంట చూసినా ఆ సంగతి తెలిసేది.

మలం, మ్యాన్‌హోలు, అదే గ్యాసు

ఇప్పుడు మాటుంగా దగ్గరికి తిరిగి పోదాం. మనిషి మలంతో మొదలైన గ్యాసు కథ ఏమైంది?

ఆ దారిలో నడిచినవాళ్ళు తక్కువ. మహారాష్ట్రలో తుకారాం పుట్టిన దేహు ఊళ్ళో డాక్టర్ ఎస్.వి. మాపుస్కర్ మరుగుదొడ్డికే గుంతను కలిపి 'మలప్రభ' అనే ప్లాంటును పెట్టించాడు. ఆయన పోయాక 2017లో పద్మశ్రీ ఇచ్చారు. పాట్నాలో సులభ్ సంస్థ స్థాపకుడు బిందేశ్వర్ పాఠక్ 1982లో బహిరంగ మరుగుదొడ్లకు కలిపి గ్యాసు ప్లాంటు నడిపించాడు. మనిషికి రోజుకు ఒక ఘనపు అడుగు గ్యాసు వస్తుందని వాళ్ళ లెక్క. నమూనా పనిచేస్తుందని నలభై ఏళ్ళ కిందటే తేలిపోయింది.

దీనికి పశువు అక్కర్లేదు, పొలం అక్కర్లేదు. వాడకు అన్నివిధాలా దగ్గరి యంత్రం ఇదే కావాలి గదా. మరి దేశమంతా పెండ గుంతలే ఎందుకు తవ్వారు? ఆ గ్యాసు మీద వండిన అన్నం మైల అన్నారు. నిప్పు అన్నింటినీ శుద్ధి చేస్తుందని చెప్పే శాస్త్రాలే ఈ నిప్పు దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకున్నాయి. ఇంజనీర్లు కూడా 'సామాజిక ఆమోదం లేదు' అని ఒక్క వాక్యం రాసి పేజీ తిప్పారు. సామాజిక ఆమోదం అంటే ఎవరి ఆమోదం? మా వాడను ఎవరైనా అడిగారా?

వాడ తరఫున కూడా ఒక అనుమానం ఉంది. దాన్ని దాచిపెట్టం. మలంతో గ్యాసు అంటే మళ్ళీ ఆ పని ఎవరిమీద పడుతుందన్న భయం అది. ఈ భయం ఉత్తది కాదు. బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర పాకీపని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టాడు. ఆయన, ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్ళు కలిసి కట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ పొడి పాయఖానాలు కూలగొట్టింది, కోర్టుకెక్కింది. 1993లో పాకీపనిని నిషేధిస్తూ చట్టం వచ్చినా, 2013లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా మ్యాన్‌హోళ్ళలో, సెప్టిక్ ట్యాంకుల్లో చావులు ఆగలేదు.

ఆ చావుల గురించి చదివేటప్పుడల్లా మాకు మా చిన్నాయిన గుర్తొస్తాడు. ఆ భూస్వామి ప్లాంటులో కొన్నేళ్ళకు అడుగున మడ్డి పేరుకుపోయింది. డ్రమ్ము లేపి, పైన జావ తోడేశాక, అడుగు మడ్డి ఎత్తడానికి మా చిన్నాయిన్ని దింపారు. నాలుగు బకెట్లు పైకి అందించి అయిదో దానికి వంగినవాడు అట్లనే కూలబడ్డాడు. నడుముకు తాడు కట్టి ఉంది కాబట్టి పైకి లాగారు. వేపచెట్టు కింద పడుకోబెట్టి నీళ్ళు చల్లితే చాలాసేపటికి కళ్ళు తెరిచాడు. ఆ రోజు కూలి పూర్తిగా ఇచ్చారని ఆయన చాలా ఏళ్ళు మంచిగా చెప్పుకునేవాడు.

గుంతలో ఉన్న ఆ గాలేంటో మాకు చదువుకున్నాక తెలిసింది. మీథేన్ నిండితే పీల్చుకునే గాలి ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఎక్కువైనా మనిషి నిలువునా కూలిపోతాడు. సెప్టిక్ ట్యాంకులో మనవాళ్ళను చంపేదీ, ఆ వంటింట్లో నీలంగా వెలిగిందీ ఒకే చోట పుట్టిన ఒకే గ్యాసు. గొట్టంలో పోతే ఇంధనం, గుంతలో నిలిస్తే చావు. గొట్టం ఒక కులం ఇంటికి పోయింది, గుంతలోకి ఇంకో కులం దిగింది.

ఇప్పుడేం అడగాలి

1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016 మే 1 నుంచి దేశంలో ఉజ్వల పథకం వచ్చాయి. ఉజ్వల కింద 10 కోట్లకు పైగా కనెక్షన్లు ఇచ్చారు. మా అమ్మకూ సిలిండరు వచ్చింది. నీలం మంట చూసింది. చుట్టాలొస్తే వెలిగిస్తుంది. మిగతా రోజులు పత్తికట్టే. సిలిండరు నింపే డబ్బుకు ఆమె కూలి చాలదు.

అందుకే పెండ మాట ముగిసిపోలేదు. 2018లో కేంద్రం గోబర్‌ధన్ పథకం పెట్టింది. పెండ గ్యాసును శుద్ధిచేసి, ఒత్తి, వాహనాలకు అమ్మే పెద్ద ప్లాంట్లు వస్తున్నాయి. 2020 జూలైలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కిలో 2 రూపాయలకు పెండ కొనడం మొదలుపెట్టింది. పూరాలో 2 పైసలు మోతకు ఇచ్చినది, ఛత్తీస్‌గఢ్‌లో 2 రూపాయలు పెండకు పెట్టిన ధర. పెండకు ధర వచ్చిన ప్రతిచోటా అడగాల్సింది ఒకటే. ఎత్తిన చేతికి ఎంత, గొడ్డు యజమానికి ఎంత?

మేం గ్యాసు వద్దనడం లేదు. పొగలో కళ్ళు పోగొట్టుకున్న తల్లుల బిడ్డలం, వద్దని ఎట్లంటాం? మేం అడిగేది మూడు. పెండ ఎత్తడం, నీళ్ళు మోయడం, కలపడం పనిగా లెక్కగట్టి కూలి ఇవ్వాలి. భూమీ పశువూ లేని ఇల్లు దగ్గర నుంచి నమూనా మొదలవ్వాలి. అంటే మరుగుదొడ్డితో, వంటింటి చెత్తతో, వీధి మొత్తానికీ పనికొచ్చేట్టు. ఇక ఏ గుంతలోకీ మనిషి దిగకూడదు. మనిషి దిగకుండా మడ్డి తియ్యలేని ప్లాంటును మంచి ప్లాంటని ఏ ఇంజనీరూ అనకూడదు.

చివరిగా విద్యార్థులకు ఒక మాట. మీ ఊళ్ళో ఎక్కడో ఒకచోట పాడుబడ్డ గోబర్ గ్యాసు గుంత ఉంటుంది. డ్రమ్ము తుప్పు పట్టి ఉంటుంది, తొట్టిలో గడ్డి మొలిచి ఉంటుంది. అది ఎవరింటి పెరట్లో ఉందో రాసుకోండి. ఆ తర్వాత వాడకు పోయి, ఆ తొట్టిలో పెండ ఎవరు కలిపారో, నీళ్ళెక్కడి నుంచి మోశారో, గుంతలోకి ఎవరు దిగారో అడగండి. వాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు. ఈ చరిత్ర రాయడానికి మనకున్న టైము వాళ్ళ ఆయుష్షు ఉన్నంతే.